గోదావరి ఇరుగట్ల వైద్యవృత్తి: రిజిస్ట్రేషన్ చట్టాల చరిత్ర

5.1 పరిచయం

ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దు గ్రామాల్లో 'ఆర్.ఎం.పి. డాక్టర్' అనే మాట తెలియనివారు అరుదు. చట్ట పరిభాషలో దీని అర్థం 'రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్', అంటే వైద్య మండలి రిజిస్టరులో పేరు నమోదైన వైద్యుడు. గ్రామ వ్యవహారంలో మాత్రం పట్టా గాని, నమోదు గాని లేకుండా సూది మందు వేసే వ్యక్తిని ఈ పేరుతో పిలుస్తారు. ఒక చట్ట పదం తన అర్థానికి సరిగ్గా వ్యతిరేకమైన అర్థంలో ఎలా స్థిరపడింది? ఈ ప్రశ్నకు సమాధానం కోసం వైద్యవృత్తి రిజిస్ట్రేషన్ చరిత్రను, ఈ ప్రాంత పాలనా చరిత్రను కలిపి చదవాలి.

5.2 ఒక నది, రెండు పాలనలు

1860లో నిజాం ప్రభుత్వం గోదావరి ఎడమ గట్టున ఉన్న భద్రాచలం ప్రాంతాన్ని బ్రిటిష్ వారికి అప్పగించింది. అది కొంతకాలం సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసు రాష్ట్రంలోని గోదావరి జిల్లాలో చేరింది. కుడి గట్టున ఉన్న బూర్గంపహాడ్, పాల్వంచ, ఖమ్మం ప్రాంతాలు హైదరాబాదు సంస్థానంలోనే కొనసాగాయి. అందువల్ల నదికి ఒక గట్టున మద్రాసు చట్టం, మరో గట్టున నిజాం చట్టం అమలయ్యాయి. హైదరాబాదులో 1846లోనే వైద్య పాఠశాల ఏర్పడింది. యునానీ వైద్యానికి రాజాదరణ ఉండేది. మద్రాసులో పాశ్చాత్య వైద్యానికే అగ్రస్థానం దక్కింది.

5.3 1914 చట్టం స్వభావం

1912లో బొంబాయిలో, 1914లో మద్రాసులో వైద్య రిజిస్ట్రేషన్ చట్టాలు వచ్చాయి. వీటి ప్రకారం వైద్య మండలి ఒక రిజిస్టరును నిర్వహిస్తుంది. గుర్తింపు పొందిన పాశ్చాత్య వైద్య పట్టా ఉన్నవారే అందులో చేరగలరు. చట్టరీత్యా చెల్లే వైద్య ధ్రువపత్రం ఇచ్చే అధికారం వారిదే. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ చట్టాలు నమోదు కానివారి చికిత్సను అప్పట్లో నిషేధించలేదు. గుర్తింపునకూ అనుమతికీ మధ్య ఈ తేడా చాలాకాలం కొనసాగింది.

ఆయుర్వేద, సిద్ధ, యునానీ వైద్యులు ఈ వ్యవస్థ వెలుపల మిగిలిపోయారు. వారి వాదనలను పరిశీలించడానికి మద్రాసు ప్రభుత్వం 1921లో ఉస్మాన్ కమిటీని నియమించింది. 1923లో దాని నివేదిక వెలువడగా, 1925లో మద్రాసులో దేశీయ వైద్య పాఠశాల ప్రారంభమైంది.

5.4 రిజిస్టరు వెలుపలి వైద్యం

అటవీ గ్రామాల్లో కోయలకు, కొండరెడ్లకు మొదటి వైద్యుడు వడ్డె, లేదా ఊరి మూలికా వైద్యుడు. అతని జ్ఞానం నోటిమాటగా ఒక తరం నుంచి మరో తరానికి అందింది. దానికి పట్టా లేదు, పాఠశాల లేదు. పాశ్చాత్య వైద్యుల రిజిస్టరులో గాని, తరువాత వచ్చిన ఆయుర్వేద, యునానీ రిజిస్టర్లలో గాని ఇటువంటివారికి చోటు దొరకలేదు. మలేరియా పీడించే ఏజెన్సీలో స్థిరపడటానికి పట్టణ వైద్యులు ఇష్టపడేవారు కాదు. ఈ ఖాళీలోకే మందులతో, సిరంజితో గ్రామ ప్రాక్టీషనర్ ప్రవేశించాడు.

1956లో ఆంధ్రప్రదేశ్ అవతరణతో ఇరుగట్లు ఒకే రాష్ట్రంలోకి, 1959లో భద్రాచలం బదిలీతో ఒకే ఖమ్మం జిల్లాలోకి వచ్చాయి. 1968 నాటి ఆంధ్రప్రదేశ్ వైద్యుల రిజిస్ట్రేషన్ చట్టం రాష్ట్రమంతటికీ ఒకే చట్టంగా వచ్చింది. ఈలోగా 1956 నాటి భారత వైద్య మండలి చట్టానికి 1964లో చేసిన సవరణ, నమోదు లేని ఆధునిక వైద్యాన్ని నేరంగా పరిగణించింది. ఏడాది వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా విధించే వీలుండేది. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ఈ జరిమానాను 5 లక్షల రూపాయల వరకు పెంచింది.

5.5 వ్యక్తి నుంచి సంస్థకు

ఇంతవరకు చూసిన చట్టాలు వైద్యుని నమోదు చేశాయి, వైద్యశాలను కాదు. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రైవేటు వైద్య సంస్థల రిజిస్ట్రేషన్ చట్టాన్ని చేసింది. 2010లో కేంద్రం క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం తెచ్చింది. కేంద్ర చట్టం ప్రభుత్వ ఆసుపత్రులకూ, ఆయుర్వేదం, యునానీ, హోమియో వంటి గుర్తింపు పొందిన పద్ధతులకూ వర్తిస్తుంది. జిల్లా కలెక్టర్ అధ్యక్షతన గల అథారిటీ నమోదు చేస్తుంది. తాత్కాలిక నమోదుకు ముందస్తు విచారణ అక్కరలేదు. దాని గడువు ఏడాది. ధ్రువపత్రాన్ని రోగులకు కనిపించేచోట ప్రదర్శించాలి.

5.6 మళ్లీ ఒక సరిహద్దు

2014 రాష్ట్ర విభజన సమయంలో పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోగా, దానిని ఆనుకొని ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లింది. తెలంగాణ తరువాత కేంద్ర చట్టాన్ని స్వీకరించింది. ఆంధ్రప్రదేశ్ 2002 చట్టాన్ని కొనసాగించింది. దీంతో పక్కపక్క ఊళ్లలోని రెండు క్లినిక్కులు రెండు వేర్వేరు చట్టాల కింద నమోదు కావలసి వచ్చింది. ఒకనాటి సరిహద్దు నది. నేటి సరిహద్దు ఊరి పొలిమేర. రోగి మాత్రం దగ్గరున్న వైద్యుని దగ్గరికే వెళతాడు.

5.7 సారాంశం

రిజిస్ట్రేషన్ రోగికి రక్షణ. నమోదైన వైద్యునిపై ఫిర్యాదు చేయడానికి మండలి ఉంటుంది. నమోదు లేనివాడు మందు వికటిస్తే మండలికి జవాబుదారీ కాడు. అయితే నమోదైన వైద్యుడు అందుబాటులో లేనిచోట చట్టాన్ని కఠినంగా అమలు చేస్తే ఉన్న ఆసరా పోతుంది. చూసీచూడనట్లు వదిలేస్తే ప్రమాదం కొనసాగుతుంది. గ్రామ ప్రాక్టీషనర్లకు శిక్షణ ఇచ్చి 'కమ్యూనిటీ పారామెడిక్'లుగా గుర్తించాలన్న ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వ యత్నం, 2019 చట్టంలోని పరిమిత లైసెన్సు నిబంధన ఈ సందిగ్ధం నుంచే పుట్టాయి. వైద్యుల సంఘాలు రెండింటినీ వ్యతిరేకించాయి. రిజిస్టరులో పేర్లు పెరిగినంత మాత్రాన అడవి పల్లెకు వైద్యుడు రాడు. 'ఆర్.ఎం.పి.' అనే మాట అర్థం మారడమే ఇందుకు సాక్ష్యం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1914 చట్టంలో గుర్తింపునకూ అనుమతికీ గల తేడా ఏమిటి?
2. వైద్యుని నమోదుకూ, వైద్య సంస్థ నమోదుకూ భేదం వివరించండి.
3. మీ గ్రామంలో అనారోగ్యం కలిగితే మొదట ఎవరిని ఆశ్రయిస్తారు? కారణాలను ఈ పాఠం ఆధారంగా చర్చించండి.