గాజు పెట్టెలో చెరువు

హైస్కూల్లో సైన్సు మాస్టారు చేసి చూపించిన ప్రయోగాల్లో ఒకటి చాలామందికి ఇప్పటికీ గుర్తుంటుంది. బీకరులో నీళ్లు, అందులో హైడ్రిల్లా రెమ్మలు, వాటి మీద బోర్లించిన గాజు గరాటు, గరాటు కాడ మీద నీళ్లు నింపి తలకిందులుగా నిలిపిన పరీక్షనాళిక. ఎండలో పెడితే కాసేపటికి రెమ్మల కొసల నుంచి ఆవగింజంత బుడగలు ఒకదాని వెంట ఒకటి పైకి లేస్తాయి. నాళికలో పోగైన ఆ గాలిలోకి ఆరిపోతున్న పుల్లను పెడితే భగ్గుమంటుంది. మా బడిలో ఆ హైడ్రిల్లా తెచ్చే పని నాకు అప్పగించేవారు. ఊరి చెరువులో మోకాలి లోతు దిగి గుప్పెడు పీక్కొస్తే, ఆ గుప్పెట్లోనే రెండు నత్తలు, ఒక్కోసారి గోరంత చేపపిల్లలు కూడా వచ్చేవి.

ఇళ్లలో, హోటళ్లలో, డాక్టర్ల వెయిటింగ్ రూముల్లో మనం చూసే అక్వేరియం పుట్టింది సరిగ్గా ఆ గుప్పెట్లోంచే. మొక్క, నత్త, చేప. మనం దాన్ని చేపల తొట్టె అంటాం గానీ, దాని చరిత్రలో పెద్దపీట మొక్కదే.

చేపల్ని అందం కోసం పెంచడం పాత ముచ్చటే. చైనాలో సోంగ్ రాజుల కాలానికే బంగారు చేపల్ని కొలనుల్లో పెంచారు, తర్వాత పింగాణీ తొట్లలోకి తెచ్చారు. అయితే ఆ తొట్లలో నీళ్లు ఎప్పటికప్పుడు మార్చాల్సిందే. నీళ్లు మార్చకుండా చేప ఎలా బతకాలన్న ప్రశ్నకు జవాబు దొరకడానికి రసాయన శాస్త్రం పుట్టాల్సి వచ్చింది. 1771లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ, కొవ్వొత్తి మండి ఆరిపోయిన గాలిలో పుదీనా రెమ్మ పెడితే ఆ గాలి మళ్లీ బాగుపడుతుందని గమనించాడు. 1779లో డచ్ వైద్యుడు ఇంగెన్‌హౌజ్ నీళ్లలో ముంచిన ఆకుల్ని ఎండలో చూసి, బుడగలు వచ్చేది వెలుతురులోనే, అదీ పచ్చని భాగాల నుంచేనని తేల్చాడు. మన మాస్టారి గరాటు ప్రయోగానికి తాతగారు ఆయనే.

గాజు తొట్లు మొదట చేయించుకున్నవాళ్లలో ముందు చెప్పుకోవలసింది జాన్ విల్‌ప్రూ పవర్ అనే ఫ్రెంచి మహిళ. చెప్పులు కుట్టేవారి ఇంట పుట్టి, పారిస్‌లో బట్టలు కుడుతూ బతికి, పెళ్లయ్యాక సిసిలీ చేరింది. 1832లో ఆర్గొనాట్ అనే సముద్ర జీవిని చూడటానికి తానే తొట్లు చేయించుకుని, దాని గుల్ల అరువు తెచ్చుకున్నది కాదు, అదే కట్టుకుంటుందని నిరూపించింది. 1846లో లండన్‌లో అన్నా థిన్ అనే మరో మహిళ ఇంట్లో పగడాలు పెంచింది. ఆ నీళ్లకు గాలి తగిలించడానికి ఇంటి పనిమనిషి రోజూ కిటికీ దగ్గర నిలబడి, పాలు తిరగబోసి చల్లార్చినట్టు, నీళ్లను ఒక పాత్రలోంచి ఇంకోదాంట్లోకి పోస్తూ ఉండేది. ఈనాటి ఎయిర్ పంపు చేసే పని అది. ఆ పనిమనిషి పేరు ఎక్కడా కనిపించదు.

ఇంకోవైపు వార్డ్ అనే లండన్ డాక్టరు. 1829లో ఒక చిమ్మటపురుగు గూడును సీసాలో మట్టి మీద పెట్టి మూతేస్తే, మట్టిలోంచి ఫెర్న్ మొక్క, గడ్డి మొలిచాయి. లండన్ పొగకు బయట చచ్చిపోయే ఫెర్న్ సీసాలో హాయిగా పెరిగింది. మూతేసిన గాజు పెట్టెల్లో మొక్కలు ఓడలెక్కడం అలా మొదలైంది. చైనా తేయాకు మొక్కలు హిమాలయాల వైపు వచ్చింది ఈ వార్డ్ పెట్టెల్లోనే.

అసలు ఘట్టం 1849, 50 నాటిది. రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త లండన్‌లో ఒక గాజు పాత్ర తీసుకున్నాడు. పన్నెండు గ్యాలన్లు, అంటే మన లెక్కలో 54 లీటర్లు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున ఇవాళ షాపులో కొనే తొట్టెలో పట్టేది దాదాపు అంతే. అడుగున ఇసుక, బురద మట్టి, రాళ్లు. రెండు చిన్న బంగారు చేపలు, ఒక వాలిస్‌నేరియా మొక్క. లండన్ మసి పడకుండా పైన పలచటి గుడ్డ. కొన్నాళ్లు బాగానే ఉంది. తర్వాత వాలిస్‌నేరియా పాత ఆకులు కుళ్లి, జిగురు పట్టి, నీళ్లు మసకబారాయి. చేపలు ఇబ్బంది పడ్డాయి. అప్పుడాయన నీళ్లు పారబోయలేదు. చెరువులో ఈ కుళ్లును ఎవరు తింటారని ఆలోచించి, ఐదారు నత్తల్ని తెచ్చి వేశాడు. నత్తలు కుళ్లిన ఆకు తిన్నాయి, నీళ్లు తేటబడ్డాయి, నత్త గుడ్లు చేపలకు మేతయ్యాయి. 1850లో ఆయన ఈ సంగతిని కెమికల్ సొసైటీ ముందు పెట్టాడు. నా దృష్టిలో అక్వేరియం పుట్టినరోజు అదే. గాజు పెట్టెలో చేపను ఉంచడం వేరు, చెరువును ఉంచడం వేరు. వారింగ్టన్ ఉంచింది చెరువును.

వాలిస్‌నేరియా ఆయనకు దొరకడం కూడా అదృష్టమే. ఇంటర్‌లో బోటనీ చదివినవాళ్లకు ఇది పాత చుట్టం. ఆడపువ్వు సన్నని పొడవాటి కాడ మీద నీటి పైదాకా వస్తుంది. మగపువ్వులు అడుగున తెగి, తేలి, కొట్టుకొచ్చి దాన్ని చేరుకుంటాయి. ఆ పని అయ్యాక ఆడపువ్వు కాడ స్ప్రింగులా చుట్టుకుని కాయను నీళ్లలోకి లాగేసుకుంటుంది. తొట్టెలో మాత్రం ఇది ఎక్కువగా పిలకలతోనే పెరుగుతుంది. మట్టి మీద తీగ పాకించి, జానెడు దూరంలో ఇంకో మొక్క పెడుతుంది. మా కిటికీ పక్క తొట్టెలో ఒక్క మొక్క నాటితే ఆరు నెలల్లో వెనక అద్దమంతా పచ్చని తెర కట్టింది.

ఆ తర్వాత కథ వేగంగా నడిచింది. బ్రిటన్‌లో 1845లోనే గాజు మీద పన్ను తీసేశారు కాబట్టి అద్దం చవకైంది. 1853లో లండన్ జూలో మొదటి పబ్లిక్ చేపల ప్రదర్శనశాల తెరిచారు. 1854లో ఫిలిప్ గాస్ పుస్తకంతో అక్వేరియం అన్న పేరు స్థిరపడింది. లాటిన్‌లో ఆ మాటకు పశువులు నీళ్లు తాగే చోటు అని అర్థం. మనం చేపలకీ గొడ్లకీ తొట్టె అన్న ఒకే మాట వాడుతున్నామంటే, తెలియకుండానే రోమన్ల దారిలో ఉన్నట్టే. 1856లో జర్మనీలో రోస్‌మెస్‌లర్ ఒక పత్రికలో ‘గాజులో సరస్సు’ అనే వ్యాసం రాసి, మంచినీటి తొట్టెను మామూలు ఇళ్లలోకి తెచ్చాడు. సముద్రపు తొట్ల మోజు పదేళ్లు తిరగకుండా సన్నగిల్లింది గానీ, మంచినీటిది నిలిచింది.

చేపల వంతు తర్వాత వచ్చింది. 1869లో ఆసియా నుంచి ప్యారడైజ్ ఫిష్ ఫ్రాన్స్ చేరింది. ట్రినిడాడ్ నుంచి గప్పీ, 1936లో శాస్త్రీయ నామం పొందిన అమెజాన్ నియాన్ టెట్రా, ఇంకా ఎన్నో. ఒకదాన్నొకటి తినకుండా, పై నీళ్లలో కొన్ని, నడుమ కొన్ని, అడుగున కొన్ని కలిసి తిరిగేలా ఎంచుకునే కమ్యూనిటీ ట్యాంక్ ఇలా తయారైంది. యూరప్‌లో వీటికి వెచ్చదనం కోసం తొట్టె అడుగున పలకరాయి పెట్టి, దాని కింద దీపం వెలిగించేవారు. మనకు ఆ బాధ లేదు. డిసెంబరు, జనవరి రాత్రులు తప్పిస్తే మన గది వేడే వాటి వేడి. మన కష్టమంతా మే నెలలో. నీళ్లు వేడెక్కిన కొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది.

కమ్యూనిటీ ట్యాంక్‌లో మన దేశపు చేప కూడా ఉంది. నీలి చారల జీబ్రా డానియో. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల మీద రాసిన పుస్తకంలో దీన్ని మొదట వర్ణించాడు. డానియో అన్న పేరు వరిచేలది అన్న అర్థమున్న బెంగాలీ మాట నుంచి వచ్చిందంటారు. వరి మళ్లలో, పిల్లకాలవల్లో తిరిగే ఈ రెండంగుళాల చేప లోపలేర్పడే ప్రాణం కంటికి కనిపించేంత పారదర్శకమైన గుడ్లు పెడుతుంది. 1981లో అమెరికాలో జార్జ్ స్ట్రైసింగర్ దీని మీద పరిశోధన ప్రచురించాక ప్రపంచమంతా లాబుల్లోకి ఎక్కింది. హైదరాబాద్ సీసీఎంబీలోనూ దీని మీద పనిచేస్తున్నారు.

వారింగ్టన్ లెక్కలో మాత్రం ఒక లోపం ఉండిపోయింది. మొక్క ఆక్సిజన్ ఇస్తుంది, చేప కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది, చెల్లుకు చెల్లు అనుకున్నారు. వందేళ్లు పుస్తకాలన్నీ అదే రాశాయి. 1949లో న్యూయార్క్ అక్వేరియంకు చెందిన జేమ్స్ ఆట్జ్ ఇది భ్రమ అని వాదించాడు. ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం నీటి పైతలం నుంచి కలుస్తుంది, రాత్రి మొక్కలు కూడా దాన్ని వాడుకుంటాయి. మరి మొక్క ఎందుకు? చేప విసర్జించే అమ్మోనియాను ఎరువుగా తినేయడానికి. ఇక రెండో పనివాళ్లు కంటికి కనిపించని బ్యాక్టీరియా. అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే ఈ జీవుల్ని 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ నేలలోంచి వేరుచేశాడు. తొట్టెల్లో నైట్రైట్ సంగతి చూసేది నైట్రోస్పైరా అని తేలింది 1998లో. కొత్త తొట్టెలో వారం తిరక్కుండా చేపలు తేలిపోవడానికి కారణం ఈ బ్యాక్టీరియా ఇంకా లేక అమ్మోనియా పేరుకుపోవడమే. ఈ పనివాళ్లు పనిలోకి దిగి స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నీలం గులకరాళ్లు, ప్లాస్టిక్ మొక్కలు, ఐదు గోల్డ్‌ఫిష్ ఒకేరోజు ఇంటికి తెచ్చి, వారానికి ఏడ్చే పిల్లల్ని నేను చాలా ఇళ్లలో చూశాను. తప్పు పిల్లలది కాదు, అలా అమ్మడమే తప్పు.

మొక్కను మళ్లీ సింహాసనం ఎక్కించింది హాలండ్ వాళ్లు. 1930ల నుంచి వాళ్లు తొట్టెను పూలతోటలా, వరసలు వరసలుగా నాటారు. జపాన్‌లో తకాషి అమానో దాన్ని అడవిగా మార్చాడు. ఒకప్పుడు సైకిల్ రేసుల్లో పోటీ పడి, తర్వాత ఫొటోగ్రాఫర్ అయిన ఆయన 1982లో సొంత సంస్థ పెట్టాడు. కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, బలమైన దీపాలు, రాళ్లు, దుంగలతో కొండలోయల్ని నీళ్లలో నిలబెట్టాడు. 2015లో లిస్బన్ ఓషనేరియంలో 40 మీటర్ల తొట్టె కట్టాడు, ఆ ఆగస్టులోనే చనిపోయాడు. ఆ తొట్టెల ఫొటోలు చూస్తే ఊపిరి ఆగుతుంది. కానీ సిలిండరు ఖర్చు అందరిదీ కాదు. 1999లో డయానా వాల్‌స్టాడ్ అనే అమెరికన్ రాసిన పుస్తకం సామాన్యులకు దారి చూపింది. అడుగున మామూలు తోటమట్టి, దాని మీద సన్నని గులక, కిటికీ వెలుగు, ఒత్తుగా మొక్కలు. నూట యాభై ఏళ్ల తర్వాత వారింగ్టన్ బురద మట్టి మళ్లీ తొట్టెలోకి వచ్చింది.

ఈ చరిత్రలో చేదు కూడా ఉంది. మన చెరువుల్లో సాధువుగా పెరిగే హైడ్రిల్లా, 1950ల్లో అక్వేరియం వ్యాపారం ద్వారా ఫ్లోరిడా చేరి, అక్కడి నదుల్ని, సరస్సుల్ని కమ్మేసింది. దక్షిణ అమెరికా నుంచి తొట్టె అద్దాలు నాకడానికి వచ్చిన సక్కర్ చేప మన చెరువుల్లోకి జారి, ఆంధ్ర, తెలంగాణ జాలర్ల వలలు చింపుతోంది. వాళ్లు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. తొట్టె మీద మనసు విరిగితే చేపల్ని, మొక్కల్ని కాలవలోనో చెరువులోనో వదలకండి. పెంచేవాళ్లకు ఇచ్చెయ్యండి.

కొత్తగా మొదలుపెట్టేవారికి ఒకటే చెబుతాను. తొట్టె కొన్న రోజు చేపలు కొనకండి. అంగుళం మట్టి, పైన అంగుళం గులక, ఒక వాలిస్‌నేరియా, గుప్పెడు హైడ్రిల్లా, రెండు నత్తలు వేసి, రోజుకు నాలుగైదు గంటలు వెలుగు తగిలే చోట పెట్టండి. నెల, నెలన్నర ఆగండి. కొత్త ఆకులు లేచి, మధ్యాహ్నం రెమ్మల నుంచి బుడగలు రావడం మొదలయ్యాక, అరడజను జీబ్రా డానియోలు తెచ్చి వదలండి.