బస్సు వచ్చాక పుట్టిన నడక

పెరటాసి నెల వచ్చిందంటే మా కడత్తూరు వైపు పసుపు గుడ్డలు కనబడతాయి. ధర్మపురి జిల్లాలో తెలుగు మాట్లాడే ఇళ్లయినా, తమిళం మాట్లాడే ఇళ్లయినా ఆ నెల శనివారాలు ఏడుకొండలవాడివే. ఊత్తంగరై, తిరుపత్తూరు, వాణియంబాడి, వేలూరు, చిత్తూరు దాటి తిరుపతి చేరేదాకా అంతా తారురోడ్డు. బస్సులున్నాయి, మొరప్పూరు పోతే రైలుంది. అయినా నడిచే పోతామనేవాళ్లుంటారు. ఎందుకని అడిగితే, పెద్దల కాలం నుంచీ వస్తున్నదే కదా అంటారు.

అది సగమే నిజం. పెద్దలు నడిచింది వేరే దారి లేక. బండి ఉండగా దాన్ని వద్దనుకుని నడవడం మాత్రం ఈ మధ్య పుట్టినదే. తిరుమల కొండ వరకూ దానికి పుట్టిన ఏడు కూడా చెప్పవచ్చు: 1944. ఆ ఏడాదే మొదటి ఘాట్ రోడ్డు తెరిచారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పథకం వేసిన రోడ్డది. అంతకుముందు కొండెక్కాలంటే సొంత కాళ్లు, లేకపోతే డోలీ మోసేవాళ్ల కాళ్లు. 1974లో రెండో ఘాట్ రోడ్డు కూడా వచ్చాక ఎక్కడానికొకటి, దిగడానికొకటి అయ్యాయి. ఇక అలిపిరి మెట్లు పాడుబడాలి. పడలేదు సరికదా, పైకప్పు వేశారు. సామాను అలిపిరిలో అప్పజెబితే దేవస్థానం వాళ్లే ఉచితంగా కొండమీదికి చేరుస్తున్నారు. రోడ్డు వచ్చి మెట్లను మొక్కుగా మార్చిందని నా లెక్క.

ఆ మెట్ల దారి కూడా తనంతట తాను ఏర్పడలేదు. దారిలోని గాలిగోపురం 17వ శతాబ్దంలో సిద్ధవటం మట్ల రాజులు కట్టించినది. ఇప్పుడు దారి పొడవునా 3,550 మెట్లు. చెప్పులు విడిచి ఎక్కే ఆచారానికీ ఒక కథ ఉంది. అన్నమయ్య మనుమడు చిన్నన్న రాసిన చరిత్ర ప్రకారం, పిల్లవాడైన అన్నమయ్య చెప్పులతోనే ఎక్కుతూ మోకాళ్ల కొండ దగ్గర సొమ్మసిల్లి వెదురుపొద కింద నిద్రపోయాడు. కలలో అలమేలుమంగ కనిపించి, ఇది సాలగ్రామాల కొండ, చెప్పులు విడిచిపెట్టు అంది.

కింద అలిపిరిలో తలయేరు గుండు చూడండి. నొప్పులు రాకూడదని తలా మోకాళ్లూ ఆనించి మొక్కుతారు. అలా ఆనించీ ఆనించీ రాయి గుంటలు పడింది. అక్కడినుంచి పైకి, ఆడవాళ్లు నడుం వంచి మెట్టు మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కర్పూరం వెలిగిస్తూ పోతారు. వెనకవాళ్లు ఆ తడి మీద కాలు జారకుండా పక్కకు తప్పుకుని ఎక్కుతుంటారు. బస్సులో నలభై నిమిషాల్లో అయ్యే పనికి ఇంత తతంగం ఏమిటని ఎవరూ అడగరు.

ఫ్రాన్సులోనూ ఇలాంటిదే జరిగింది. ల్ పుయి అనే కొండఊరి బిషప్ గోడెస్కాల్క్ 10వ శతాబ్దం నడుమ స్పెయిన్‌లోని సంత్యాగోలో ఉన్న సంత్ యాకోబు సమాధికి యాత్ర చేశాడు. తర్వాత ఎందరో ఆ దారి పట్టారు. కాలక్రమంలో ఆ దారి దాదాపు మాసిపోయింది. 1970ల మొదట్లో మామూలు ఏడాదిలో సంత్యాగోలో యాత్ర ముగించినట్టు పత్రం అందుకున్నవాళ్లు వందకు అటూ ఇటూగా ఉండేవారు. ఇప్పుడు, రైళ్లూ కార్లూ ఉండగానే, ఏటా 4 లక్షల పైనే. ఈ మార్పు వెనక ఎందరో ఉన్నారు గాని, రంగు డబ్బా పట్టిన ఇద్దరిని మరవకూడదు. జాన్ లువాజో ఆలోచించిన ఎరుపు తెలుపు గీతలు 1947 నుంచి ఫ్రాన్సు కాలిబాటల మీదికెక్కాయి. ల్ పుయి నుంచి పోయే 65వ నంబరు బాటకూ అవే గుర్తులు. స్పెయిన్ వైపు ఓ సెబ్రెయిరో అనే పల్లె పాదిరి ఎలియాస్ వలీన్యా 1984లో చెట్లకూ రాళ్లకూ గోడలకూ పసుపు బాణాలు వేసుకుంటూ పోయాడు. రోడ్డు పనుల్లో మిగిలిన రంగు అంటారు.

ఇప్పుడు ల్ పుయిలో ఒకరోజు నడక ఇలా ఉంటుంది. పొద్దున ఏడుకు గుడిలో దీవెన. ఆపైన గుడి నేలలోనే ఉన్న కటకటాలు తెరిస్తే మెట్లు నేరుగా వీధిలోకి దిగుతాయి. అగ్నిపర్వతాలు చల్లారిన నేల, ఆ ఊరిపేరుతోనే అమ్ముడయ్యే ఆకుపచ్చ మసూర్ పండే పొలాలు. ఇరవై నాలుగు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా నడిస్తే సాయంత్రానికి సెయింట్ ప్రివా. దారి ఎవరినీ అడగనక్కర్లేదు, ఎరుపు తెలుపు గీత చూసుకుంటే చాలు. ఆ రెండు గీతలూ ఇంటూ గుర్తులా ఉంటే తప్పుదారి అని అర్థం.

మనకు తిరుపతి దారి అడగాల్సిన పని లేదు. మనకు కావలసింది రోడ్డుపక్క లారీలకు దూరంగా నడిచే చోటు, నీడ, నీళ్లు. జిల్లాల అధికారులు పెరటాసికి ముందే దాని సంగతి చూడాలి. ఈలోగా నడిచేవాళ్లకో మాట: చీకట్లో పసుపు గుడ్డ డ్రైవరుకు ఆనదు. వెలుతురు పడితే మెరిసే పట్టీ వీపుకొకటి, చేతికొకటి కట్టుకోండి. బండ్లకు ఎదురుగా, రోడ్డుకు కుడిపక్కన, ఒకరి వెనక ఒకరు నడవండి.