మత్తుకు విరుగుడు – రెండువేల ఏళ్ల వెదుకులాట

మద్యం ఎంత పాతదో, ఎక్కిన మత్తును దించే మందు కోసం మనిషి చేసిన వెదుకులాట కూడా దాదాపు అంత పాతది. ఈ ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయమని మన సంఘం కార్యదర్శి గారు కోరినప్పుడు, రాజుల కథలకన్నా ఈ విషయమే మన సభ్యులకు, వారి పిల్లలకు ఎక్కువ పనికివస్తుందనిపించింది. నేను వైద్యుణ్ణి కాను. ముప్పయి ఏళ్లకు పైగా ఫైళ్లు చూసిన గుమాస్తాను. అందుచేత దీనిని కూడా ఒక పాత ఫైలులాగే మొదటి కాగితం నుంచి వరుసగా చదివి, సారాంశాన్ని మీ ముందు ఉంచుతున్నాను.

రాయి, క్యాబేజీ, చేదు బాదం

ఊదారంగులో మెరిసే అమెథిస్ట్ రాయిని మనలో చాలామంది ఉంగరాల్లో చూసే ఉంటారు. ఆ పేరు గ్రీకు భాషనుంచి వచ్చింది. ‘మత్తు ఎక్కనిది’ అని దాని అర్థం. ఆ రాయిని ధరించినవారికి ఎంత తాగినా మత్తు ఎక్కదని ప్రాచీన గ్రీకులు, రోమనులు నమ్మేవారు. అయితే క్రీస్తు శకం 1వ శతాబ్దంలోనే రోమన్ రచయిత ప్లినీ ఇదంతా మాంత్రికుల బూటకమని కొట్టిపారేశాడు.

అంతకు రెండు శతాబ్దాల ముందు రోమ్ రాజనీతిజ్ఞుడు కేటో తన వ్యవసాయ గ్రంథంలో మరో ఉపాయం చెప్పాడు. విందులో ఎక్కువ తాగదలచినవారు భోజనానికి ముందు పచ్చి క్యాబేజీని వెనిగర్‌తో తినాలట. టైబీరియస్ చక్రవర్తి కుమారుడు డ్రూసస్ వద్ద ఉన్న ఒక వైద్యుడు తాగేముందు ఐదారు చేదు బాదం గింజలు తిని, తాగుడులో అందరినీ మించిపోయేవాడని ప్లూటార్క్ రాశాడు. చేదు బాదంలో సయనైడ్ విషాన్ని పుట్టించే పదార్థం ఉందని మనకు ఇప్పుడు తెలుసు. విరుగుడు అనుకున్నదే విషం కావడం ఈ చరిత్రలో మొదటినుంచీ ఉన్నదే.

మన దేశంలో చరక సంహిత చికిత్సాస్థానంలో 24వ అధ్యాయం పూర్తిగా మదాత్యయానికి, అంటే అతిగా తాగడం వల్ల కలిగే రోగానికి కేటాయించబడింది. సుశ్రుతుడు కూడా ఉత్తరతంత్రంలో ఈ సంగతి చర్చించాడు. మత్తును దశలుగా విడగొట్టి చూడాలని ఆ కాలంలోనే గ్రహించడం మెచ్చదగిన విషయం. ఇక మన ఇళ్లలో వాడేవి మీకు తెలిసినవే. మజ్జిగలో నిమ్మకాయ పిండి తాగించడం, నెత్తిన చన్నీళ్లు గుమ్మరించడం, గొంతులో వేలుపెట్టి కక్కించడం. మజ్జిగ వల్ల కడుపుకు కాస్త హాయి కలగవచ్చు. చన్నీళ్లకు ఒక్క క్షణం కళ్లు తెరవవచ్చు. కాని రక్తంలో చేరిన మద్యం వీటివల్ల తగ్గదు. స్పృహ లేనివానిని కక్కించబోతే ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుంది.

లెక్క తేల్చిన విడ్‌మార్క్

ఈ నమ్మకాలను లెక్కతో తూచినవారిలో ముఖ్యుడు స్వీడన్ దేశంలోని లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ విడ్‌మార్క్. కొద్దిపాటి రక్తం నుంచే అందులోని మద్యాన్ని కొలిచే పద్ధతిని ఆయన 1922లో ప్రకటించాడు. 1932లో వెలువరించిన గ్రంథంలో రక్తంలోని మద్యం తగ్గే తీరును సూత్రాలుగా వివరించాడు. రక్తంలో మద్యం ఎక్కువగా ఉన్నంత మాత్రాన అది త్వరగా దిగదు. గంటకు ఇంత అని దాదాపు ఒకే వేగంతో దిగుతుంది. సగటున 100 మిల్లీలీటర్ల రక్తంలో గంటకు 15 మిల్లీగ్రాములు. మనిషిని బట్టి కొంత అటూ ఇటూ.

ఇందులో సింహభాగం పని చేసేది కాలేయం. అది మద్యాన్ని ముందు ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగాను, దానిని ఎసిటేట్‌గాను మారుస్తుంది. చివరకు నీరు, బొగ్గుపులుసు వాయువు మిగులుతాయి. మన ఆఫీసుల్లో ఒకే గుమాస్తా ఉన్న కౌంటరు లాంటిదే ఇది. క్యూ ఎంత పొడుగున్నా ఆయన చేయి నడిచేంత వేగమే.

మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం వాహనం నడిపేవాని 100 మిల్లీలీటర్ల రక్తంలో మద్యం 30 మిల్లీగ్రాములు మించరాదు. రాత్రి 11 గంటలకు ఒకని రక్తంలో 150 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. గంటకు 15 చొప్పున 30కి దిగాలంటే 8 గంటలు పడుతుంది. అంటే మరునాడు ఉదయం 7 అవుతుంది. నిద్ర లేచి, స్నానం చేసి, కాఫీ తాగి 6 గంటలకే బండి తీసినవాడు ఇంకా తప్పతాగినవాని కిందే లెక్క.

కాఫీ ఈ లెక్కను ఒక్క నిమిషం కూడా ముందుకు జరపదు. నిద్రమత్తును మాత్రం కొంత పోగొడుతుంది. దానివల్ల తాగినవాడు తాను బాగానే ఉన్నానని నమ్ముతాడు. నా సర్వీసులో మా సెక్షనులో ఒక మిత్రుడు ఉండేవాడు. ఆయన ప్రమోషను విందు రోజు రాత్రి రెండు గ్లాసుల చిక్కటి కాఫీ తాగి, “దిగిపోయింది గురూ” అంటూ స్కూటరు ఎక్కాడని ఆ విందుకు వెళ్లినవారు తరువాత చెప్పారు. ఆయన ఇల్లు చేరలేదు. ఆయన సర్వీసు రిజిష్టరు ముందు పెట్టుకుని ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు నింపింది నేనే. చిన్నపిల్ల వయసు గడిలో వేసిన 6 అంకె నాకు ఇప్పటికీ గుర్తుంది.

తొందరపెట్టే ప్రయత్నాలు

కాలేయం వేగాన్ని పెంచలేమా అని శాస్త్రవేత్తలు 1920, 30 దశకాలలో అనేక ప్రయత్నాలు చేశారు. అప్పుడే కొత్తగా వచ్చిన ఇన్సులిన్ ఇచ్చి చూశారు. ఆక్సిజన్‌లో బొగ్గుపులుసు వాయువు కలిపి పీల్పించి చూశారు. ఉత్తేజం కలిగించే బెంజిడ్రిన్ ఇచ్చారు. వీటిలో ఏదీ నమ్మదగిన విరుగుడుగా నిలవలేదు. కొంత ఆశ పుట్టించినది ఫ్రక్టోజ్, అంటే పండ్లలో, తేనెలో ఉండే చక్కెర. దానివల్ల కొందరిలో మద్యం కొంచెం త్వరగా తగ్గింది. అయితే అందుకు పెద్ద మోతాదు కావాలి. నరానికి ఎక్కిస్తే రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరిగి మరో ప్రమాదం. ఆ విధంగా అది కూడా అటకెక్కింది.

రబ్బరు కర్మాగారం నుంచి వచ్చిన మాత్ర

1937లో అమెరికాలో విలియమ్స్ అనే కర్మాగారపు వైద్యుడు ఒక వింత గమనించాడు. రబ్బరు పరిశ్రమలో వాడే కొన్ని రసాయనాల మధ్య పనిచేసే కార్మికులు మద్యం ముట్టుకోలేకపోతున్నారు. ఆ తరువాత డెన్మార్క్‌లో యెన్స్ హాల్డ్, ఎరిక్ యాకబ్‌సన్ అనే పరిశోధకులు అదే జాతికి చెందిన డైసల్ఫిరామ్‌ను కడుపులో పురుగులకు మందుగా పరీక్షిస్తూ తామే మింగి చూశారు. ఆపైన మద్యం పుచ్చుకోగానే ముఖం ఎర్రబడి, గుండె దడ, తలనొప్పి పట్టుకున్నాయి. 1948లో వారు ఈ సంగతి లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. అదే ఏంటబ్యూస్ పేరుతో ప్రసిద్ధికెక్కింది.

ఇది మత్తును దించే మందు కాదని పాఠకులు గమనించాలి. ఎసిటాల్డిహైడ్‌ను ముందుకు సాగనివ్వకుండా ఆపి, తాగినవానిని బాధపెట్టి, తాగుడంటే భయపడేలా చేస్తుంది. తొలినాళ్లలో పెద్ద మోతాదులు ఇచ్చినప్పుడు మరణాలు కూడా సంభవించాయి. అందుకే రోగికి చెప్పి, ఆయన ఒప్పుకున్నాకనే, వైద్యుని పర్యవేక్షణలో వాడాలి. ‘తాగేవారికి తెలియకుండా అన్నంలో కలపండి’ అంటూ వచ్చే ప్రకటనలు నమ్మి, ఏముందో తెలియని పొడులను భర్తకో, కొడుకుకో పెట్టే తల్లులున్నారు. వారి బాధ అర్థం చేసుకోదగినదే. కాని గుండె జబ్బు ఉన్నవానికి ఆ రాత్రే ఆఖరి రాత్రి కావచ్చు.

ఎలుకలు లేచి నిలబడ్డాయి

1970 దశకంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఇర్వైన్ కేంద్రంలో ఎర్నెస్ట్ నోబుల్, రోనాల్డ్ ఆల్కానా తదితరులు మరో దారి పట్టారు. రక్తంలోని మద్యాన్ని తగ్గించడం కాకుండా మెదడు మీద దాని ప్రభావాన్ని అడ్డుకోవాలన్నది వారి ఆలోచన. ఇటువంటి మందులకు ఆ పాత గ్రీకు రాయి పేరుమీదనే ‘అమెథిస్టిక్’ అని పేరు పెట్టారు. పార్కిన్‌సన్ జబ్బుకు వాడే ఎల్-డోపా, ఉబ్బసానికి వాడే ఎమినోఫిలిన్, ఎఫిడ్రిన్ వారు మనుషులపై పరీక్షించారు. 1977లో ప్రకటించిన ఫలితాల్లో కొన్ని పరీక్షల్లో కొంత మెరుగు కనిపించింది. అయితే బజారులో అమ్మదగ్గ మాత్ర ఏదీ వాటి నుంచి రాలేదు.

1986 డిసెంబరులో సైన్స్ పత్రికలో వచ్చిన వార్త మాత్రం ప్రపంచాన్ని కదిలించింది. స్విట్జర్లాండ్‌కు చెందిన రోష్ కంపెనీ తయారుచేసిన ఆర్‌ఓ 15-4513 అనే పదార్థాన్ని అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ శాస్త్రవేత్తలు మత్తెక్కిన ఎలుకలకు ఇచ్చారు. తూలి పడిపోయిన ఎలుకలు తేరుకున్నాయి. అయితే వాటి రక్తంలో మద్యం చుక్క కూడా తగ్గలేదు. ప్రాణాంతకమైన మోతాదు ఇచ్చిన ఎలుకలను ఆ మందు బతికించలేకపోయింది. పైగా మూర్ఛ తెప్పించే గుణం ఉంది. ఇటువంటి మాత్ర అమ్మితే జనం ధైర్యంగా మరింత తాగుతారన్న భయం కూడా కలిగింది. కంపెనీ దానిని మందుగా తేలేదు. తెలివిగా కనిపిస్తూనే చనిపోయే స్థితి కన్నా ప్రమాదం మరొకటి ఏముంటుంది?

పరిశోధన ఆగలేదు. 2023లో ఎఫ్‌జీఎఫ్ 21 అనే హార్మోను మత్తులో పడివున్న ఎలుకలను త్వరగా లేపిందని, 2024లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తల జెల్ ఎలుకల కడుపులోనే మద్యాన్ని విరిచిందని ప్రకటించారు. ఇవన్నీ ఎలుకల మీద ప్రయోగాలే. మనిషికి ఎక్కిన మత్తును దించే నిరూపితమైన మందు ఇంకా లేదు. ఫైలు ఇంకా పెండింగులోనే ఉంది.

మనకు పనికివచ్చేది

వయసు మీరినకొద్దీ శరీరంలో నీటి పాలు తగ్గుతుంది. అందుచేత నలభైలో తట్టుకున్న మోతాదే డెబ్బైలో ఎక్కువవుతుంది. నిద్రమాత్రలు వాడేవారికి మద్యం తోడైతే ఊపిరే ఆగిపోవచ్చు. మధుమేహానికి మందు వాడేవారికి చక్కెర బాగా పడిపోయినప్పుడు ఆ తూలడం, ఆ మాట తడబాటు అచ్చం తాగినట్టే ఉంటాయి. తాగి పడుకున్నాడులే అని వదిలేయరాదు.

ఎవరైనా తాగి స్పృహ తప్పితే మజ్జిగ, కాఫీ నోట్లో పోయవద్దు. పక్కకు ఒత్తిగిలేలా పడుకోబెట్టి, ఒంటరిగా వదలకుండా ఊపిరి గమనిస్తూ 108కి ఫోను చేయండి. విందులకు వెళ్లే మన కొడుకులకు, మనవలకు విడ్‌మార్క్ లెక్క ఒక్కసారి కాగితం మీద వేసి చూపించండి. తాగినవాని చేతినుంచి బండి తాళం తీసుకోవడం మర్యాద తక్కువ పని కాదని చెప్పండి. మత్తుకు ఇప్పటివరకు తేలిన విరుగుడు కాలం ఒక్కటే. అది గడిచేదాకా మనిషిని కాపాడుకోవడం మన పని.