ఎలోన్ అంటే ఒంటరేనా?

ఇంగ్లీషులో 'ఎలోన్', 'లోన్లీ' అనే రెండు మాటలకూ మనం మామూలుగా చెప్పుకొనే అర్థం ఒకటే: ఒంటరి. బడిలో మాష్టారు మాత్రం తేడా చెప్పేవారు. పక్కన ఎవరూ లేకపోవడం ఎలోన్, ఎవరూ లేరే అని మనసు కుంగడం లోన్లీ అని. పరీక్ష వరకు ఆ ముక్క చాలు. కాని ఈ తేడా ఇంగ్లీషువారికి మొదటినుంచీ ఉన్నది కాదు, అది ఏర్పడడానికి వందల ఏళ్ళు పట్టింది. 'లోన్' అంటే అప్పు అనే అర్థంతోనే ముప్ఫై ఏళ్ళు గడిపిన బ్యాంకు ఉద్యోగిని గనుక, అదే పలుకు ఉన్న ఈ రెండో లోన్ సంగతీ కాస్త విచారిద్దామనిపించింది.

ఎలోన్ ఒక్క మాట కాదు. 'ఆల్', 'వన్' కలిసి ఏర్పడింది. పూర్తిగా ఒక్కటే అని అర్థం. 1300 ప్రాంతపు ఇంగ్లీషులో దాన్ని రెండు ముక్కలుగానే రాసేవారు. మరి వన్ అనే పలుకు అందులో వినిపించదేం? ఆ అంకెను ఒకప్పుడు 'ఓన్' అన్నట్టే పలికేవారు. 'వన్' పలుకు తరవాత వ్యాపించింది. పాత పలుకు మాత్రం ఎలోన్‌లోనూ, ఓన్లీలోనూ, అటోన్‌లోనూ నిలిచిపోయింది. అటోన్ అంటే ప్రాయశ్చిత్తం చేసుకోవడం. విడిపోయినవారు మళ్ళీ 'ఎట్ వన్' కావడం, అంటే ఒక్కటవడం, దాని మూలార్థం. ఎడబాటుకు ఒక మాట, కలయికకు ఒక మాట, రెండూ ఒకే అంకెనుంచి పుట్టాయన్నమాట.

ఎలోన్ ముందున్న అక్షరం రాలిపోగా 'లోన్' మిగిలింది. దానికి తోక తగిలిస్తే లోన్లీ అయింది. లోన్లీ మాటను మొదట వాడినవారిలో షేక్స్పియర్ ఒకడు. 1608 ప్రాంతంలో రాసిన 'కోరియొలేనస్' నాటకంలో అది కనిపిస్తుంది. అప్పట్లో దాని అర్థం తోడులేని, జనసంచారం లేని అని మాత్రమే. మనిషికీ చెల్లేది, దారికీ చెల్లేది. అందులో దిగులు లేదు. తోడు కోసం తపించే బాధ అనే అర్థం 19వ శతాబ్ది తొలి రోజుల్లో వచ్చి చేరింది.

అప్పుడే ఎందుకు చేరింది? ఆ కాలంలో ఇంగ్లండు పల్లెలనుంచి జనం మిల్లుల ఊళ్ళకు తరలిపోతున్నారు. 1851 జనాభా లెక్కలనాటికి ఇంగ్లండు, వేల్సులలో సగానికి పైగా పట్టణవాసులయ్యారు. ఊరందరూ పేరుపెట్టి పిలిచే చోటునుంచి, పక్కగది మనిషి ఎవరో తెలియని చోటికి చేరారు. ఈ బాధ ఆధునిక కాలంలో రూపు దిద్దుకున్నదేనని చరిత్రకారిణి ఫే బౌండ్ అల్బర్టీ 2019లో ఒక గ్రంథమే రాశారు. అడవిలో ఉన్నవాడికి అక్కరలేకపోయిన అర్థం, జనం మధ్య ఉన్నవాడికి కావలసి వచ్చింది!

మన ఏకాంతానికి దగ్గరి మాట 'సాలిట్యూడ్'. లాటిన్ 'సోలస్' నుంచి వచ్చింది. 1807లో అచ్చయిన వర్డ్స్‌వర్త్ డాఫొడిల్ పూల పద్యం మనలో చాలామంది బడిలో చదివిందే. మొదట్లో లోన్లీ, చివర్లో సాలిట్యూడ్ వస్తాయి. ఆ రెండోది ఆయనకు ఆనందం. కాని ఏకాంతం కోరుకున్నవాడికే ఆనందం. 1829లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక పెద్ద జైలు తెరిచి, ఖైదీలను ఒక్కొక్కరిని విడిగా ఉంచారు. ఏకాంతంలో పశ్చాత్తాపం పుడుతుందని వారి నమ్మకం. 1842లో దాన్ని చూసిన డికెన్స్, శరీరాన్ని హింసించడంకన్న ఇది ఘోరమని రాశాడు.

సోలస్ సంతానంలో మా కామర్సు వాళ్ళకు దగ్గరిది 'సోల్'. సోల్ ప్రొప్రైటర్ అంటే ఏకైక యజమాని. ఆ పేరులో జాలి లేదు, హక్కు ఉంది. పాత ఇంగ్లీషు చట్టం పెళ్ళికాని స్త్రీనీ వితంతువునూ 'ఫెమ్ సోల్' అనేది. ఆమె ఆస్తి ఉంచుకోవచ్చు, ఒప్పందం రాసుకోవచ్చు, దావా వేయవచ్చు. పెళ్ళయిన స్త్రీకి 1882 చట్టం వచ్చేదాకా ఆ స్వతంత్రం పూర్తిగా దక్కలేదు. లండను నగర ఆచారం ప్రకారం సొంతంగా వర్తకం చేసుకొనే భార్యను మాత్రం, ఆ వర్తకం వరకు, ఫెమ్ సోల్‌గానే లెక్కించేవారు. అక్కడ ఒక్కతె కావడమంటే లోటు కాదు, సంతకానికి విలువ!

ఈ 'సింగిల్', 'సోల్' మాటలను మనం ఒంటరి అని తెనిగించేటప్పుడు ఆ విలువ జారిపోతుంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఒంటరి మహిళలకు నెలకు 1000 రూపాయల పింఛను ప్రారంభించింది. మంచి పథకమే. అప్పుడు నేను బదిలీమీద కరీంనగర్ వైపు ఒక పల్లె శాఖలో ఉన్నాను. ఖాతా తెరవడానికి వచ్చిన ఒకామెకు కాగితం చదివి వినిపించాను. పింఛను వద్దనలేదు గాని, "నేనెట్ల ఒంటరిదాన్నయిత సారూ? మా వాడకట్టంత నాతోనే ఉన్నది" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆమె ఎలోన్, లోన్లీ కాదు. ఆ తేడా చెప్పే గడి కాగితంలో లేదు.

నిజానికి తెలుగులో దారి లేకపోలేదు. 'ఒంటి' అంటే ఒకటే. ఒంటెద్దు బండి, ఒంటిపూట బడి అన్నప్పుడు దిగులేమీ లేదు. తిరుమలలో రాత్రి చివరి సేవ ఏకాంత సేవ. మేముండే కోయంబత్తూరులో బారువడ్డీని 'తనివట్టి' అంటారు. 'తని' అంటే విడిగా ఉన్నది, తనకు తానైనది. పరాయి వీధిలో ఒకే ఒక్క తెలుగిల్లుగా తరాలు గడిపిన మనకు ఈ అర్థం విడమరచి చెప్పనక్కరలేదు.

2018లో బ్రిటన్ ఒంటరితనం సమస్య చూడడానికి ఒక మంత్రిని నియమించింది. 2021లో జపానూ అదే పని చేసింది. బాధ నిజమైనదే, మందు కావలసిందే. అయితే వైద్యుడు ముందు రోగి ఎవరో తేల్చుకోవాలి. ఒక్కరుగా కనిపించిన ప్రతివారికీ ఒంటరి అని చీటీ రాసే ముందు, వాళ్ళనే ఒక మాట అడిగితే మేలు.