బాయ్‌నెట్‌కూ ఉంది సర్వీసు రిజిస్టరు

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి పదవీ విరమణ దాకా మన చరిత్ర అంతా సర్వీసు రిజిస్టరులో ఉంటుందని పింఛనుదారులకు వేరే చెప్పనక్కరలేదు. అందులో ఒక్క నమోదు చెరిగినా కాగితాలు ఎన్నాళ్లు ఆగుతాయో మనలో చాలామందికి అనుభవమే. పాత జర్మన్ బాయ్‌నెట్లను సేకరించేవారు వాటిని పరీక్షించే తీరు చదివినప్పుడు నాకు ఆ రిజిస్టరే గుర్తుకు వచ్చింది.

బాయ్‌నెట్ అంటే తుపాకి మొనకు తగిలించే బాకు. మొదటి ప్రపంచ యుద్ధంలో (1914-18) జర్మన్ సైనికులు విరివిగా వాడినది 98/05 రకం. దాని అలుగు సుమారు 37 సెంటీమీటర్లు. మొన వైపు వెడల్పుగా ఉండడంతో ‘కసాయి కత్తి’ అని పేరు పడింది. రెండవ ప్రపంచ యుద్ధం (1939-45) నాటి 84/98 రకానికి అలుగు 25 సెంటీమీటర్లే.

మొదట చూడవలసినవి ముద్రలు. మొదటి యుద్ధం నాటి అలుగు వెన్ను మీద కిరీటం, రాజు పేరులోని తొలి అక్షరం, రెండంకెల సంవత్సరం ఉంటాయి. ప్రష్యా సైన్యపు బాయ్‌నెట్ మీద ‘డబ్ల్యూ’, ‘15’ అని ఉంటే విల్‌హెల్మ్ చక్రవర్తి ఏలుబడిలో 1915లో తనిఖీ అయి సైన్యంలో చేరిందన్నమాట. పిడి దగ్గర తయారీదారు పేరు ఉంటుంది. కత్తులకు పేరుపొందిన జోలింగెన్ నగరపు సంస్థల పేర్లు తరచు కనిపిస్తాయి. వెర్సాయ్ సంధి ఆంక్షలు ఉన్న రోజుల్లో జర్మనీ రహస్యంగా ఆయుధాలు పెంచుకుంటూ 1934కు ‘కె’, 1935కు ‘జి’ అనే అక్షరాలు వేసింది. 84/98 రకంలో అలుగు మీద, ఒర మీద ఒకే సంఖ్య ఉంటే అది విడిపోని జత. దానికి విలువ ఎక్కువ.

తరువాత చూడవలసినది స్థితి. 1914 నాటి అలుగు తెల్లగా మెరిస్తే సహజమే. 1940 నాటి మామూలు సైనికుని బాయ్‌నెట్ అలా మెరిస్తే మాత్రం ఎవరో దాని నీలిపూత గీకివేశారని అనుమానించాలి. నిప్పురవ్వల నుంచి చెక్క పిడిని కాపాడే రేకు 1915 ప్రాంతంలో వచ్చింది. 1913 నాటి బాయ్‌నెట్‌కు ఆ రేకు కనిపించినంత మాత్రాన నకిలీ అనరాదు. అది సర్వీసు మధ్యలో జరిగిన మార్పు.

అన్నిటికంటె నన్ను కదిలించినది రంపపు పళ్ల సంగతి. కొన్ని బాయ్‌నెట్ల వెన్నుకు కట్టెలు కోయడానికి రంపపు పళ్లు ఉండేవి. శత్రువులు మాత్రం అవి చిత్రహింస కోసమేనని నమ్మారు. అటువంటి దానితో పట్టుబడితే ప్రాణం దక్కదని జర్మన్ సైనికులు భయపడేవారు. ఆ యుద్ధంలో పనిచేసిన రెమార్క్ 1929లో పుస్తకంగా వెలువడిన తన నవలలో ఈ సంగతి రాశాడు. యుద్ధం చివరి ఏళ్లలో చాలా వాటి పళ్లను అరగదీసివేశారు. అటువంటి అలుగును చూసి ‘పాడైపోయింది’ అనుకుంటే పొరపాటు. ఆ అరుగుదల వెనుక ఎవరో తల్లి కన్న కుర్రవాడి ప్రాణభయం ఉంది.

అందుకే అనుభవజ్ఞులు గరుకు కాగితం, ఆమ్లాలు వాడవద్దంటారు. మన ఇళ్లలో ఇత్తడి పాత్రలకు పట్టించినట్లు చింతపండు, ఇటుకపొడి పట్టిస్తే తుప్పుతో పాటు ముద్రలూ పోతాయి. మెత్తని గుడ్డతో పలుచగా నూనె రాస్తే చాలు. మన దేశంలో బాయ్‌నెట్ కూడా ఆయుధమే కనుక, దగ్గర ఉంచుకోదలచినవారు 1959 నాటి ఆయుధాల చట్టం నిబంధనలు ముందుగా తెలుసుకోవాలి.

మిత్రులారా! మన పెట్టెల్లో బాయ్‌నెట్లు ఉండకపోవచ్చు. తాతగారి గడియారమో, నాన్నగారి సర్వీసు పతకమో ఉంటుంది. పండుగకు మెరిసేలా తోమమని పిల్లలకు ఇచ్చే ముందు, దాని మీది అక్షరాలను ఒకసారి వారిచేత చదివించండి.