గుర్తు పెట్టి విప్పు

దగ్గరికి జరగండిరా, పొగ నావైపే వస్తోంది, మీకేం కాదు. డీజిల్ పొగలో పెరిగిన ప్రాణం ఇది, కర్రల పొగ ఒక లెక్కా? చిన్నోడు పాత లారీల సంగతి చెప్పమన్నాడుగా, ఇవాళ ఒక బెంజి లారీ ముచ్చట చెబుతా వినండి.

మా రోజుల్లో లారీ అంటే బెంజి లారీయే. 1954లో టాటావాళ్ళు జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో చెయ్యి కలిపి జంషెడ్‌పూర్‌లో లారీలు చేయడం మొదలుపెట్టారు. ముందు భాగాన మూడు కొసల నక్షత్రం మెరుస్తుండేది. 1969తో ఆ పొత్తు ముగిసింది. నక్షత్రం పోయి ఆ చోట టి అక్షరం వచ్చింది. అయినా జనం నోట పేరు మారలేదు, టి ఉన్న బండిని కూడా బెంజి అనే పిలిచారు. కొత్త బండి కొంటే ఫ్యాక్టరీనుంచి ఉత్త ఛాసిస్ వచ్చేది. క్యాబిన్ ఉండదు, తలుపులుండవు. చెక్క పలక మీద కూర్చుని, తలకు తువ్వాలు చుట్టి, కళ్ళకు అద్దాలు పెట్టుకుని జంషెడ్‌పూర్ నుంచి బెజవాడ దాకా ఎండా వానా భరిస్తూ తోలుకొచ్చేవాళ్ళు. ఇక్కడ ఆటోనగర్‌లో వడ్రంగులు కొయ్యతో బాడీ కట్టేవాళ్ళు, పెయింటర్లు తామరపూలు, ఏనుగులు గీసేవాళ్ళు. అలా ఒక చోట బాడీ, ఒక చోట కమాను కట్టలు, ఒక చోట రేడియేటర్, ఒక చోట వైరింగ్. లారీకి ఏ జబ్బు చేసినా వీధి దాటకుండా వైద్యం దొరికేది.

ఆ వీధిలోనే నేను ఒక మేస్త్రిగారి దగ్గర కుర్రాడిగా చేరా. పానాలు అందించడం, సామాన్లు కిరోసిన్‌లో కడగడం, టీ తేవడం, ఇవీ నా పనులు. జీతం తక్కువ, తిట్లు ఎక్కువ. కానీ ఆయన తిట్టిన ప్రతి తిట్టులో ఒక పాఠం ఉండేది.

ఒక చలికాలం పొద్దున గుంటూరు మిరప లోడుతో కలకత్తా పోవాల్సిన లారీ ఒకటి షెడ్డు ముందు ఆగింది. డ్రైవరు దిగుతూనే రెండు చేతులూ చూపించాడు, అరచేతుల నిండా గీతలు. స్టీరింగ్ చక్రానికి పైన ఉండే నల్లటి గట్టి పూత ముక్కలు ముక్కలుగా రాలిపోయి, లోపలి ఇనప కడ్డీ బయటపడింది. అతను గుడ్డపీలికలు చుట్టి తోలుతున్నాడు. చెమటకు గుడ్డ జారుతుంది, వేళ్ళు కోసుకుంటాయి.

ఇప్పటి బండ్లలో ఒక్క వేలితో తిప్పేస్తున్నారు గానీ అప్పుడు పవర్ స్టీరింగ్ ఎక్కడిది? డ్రైవరు భుజబలమే పవర్. అందుకే చక్రం అర మీటరు దాటి ఉండేది. ఎంత వెడల్పుంటే తిప్పేవాడికి అంత పట్టు. ఆగి ఉన్న లోడు బండిని సందులో తిప్పాలంటే సీట్లోంచి లేచి, ఒళ్ళంతా బిగబట్టి తిప్పేవాళ్ళు. అట్లాంటి చక్రానికి పూత పగిలిందంటే చేతులకే కాదు, బండికీ ప్రమాదమే. పట్టు జారే చోట ప్రాణం జారుతుంది.

"చక్రం ఒక్కటే కాదు మేస్త్రీ, దీనికి దయ్యం కూడా పట్టింది" అన్నాడు డ్రైవరు. "హారన్ నొక్కితే పలకదు. ఎడమకు తిప్పితే మాత్రం తనంతట తనే అరుస్తుంది. రాత్రి సత్రం దగ్గర మలుపు తిప్పగానే ఊరంతా లేచి నన్ను తిట్టారు."

మేము కుర్రాళ్ళం నవ్వాం. మేస్త్రిగారు నవ్వలేదు. "రెండు జబ్బులు కాదురా, ఒక్కటే అయ్యుంటుంది" అన్నారు.

చక్రం విప్పడానికి నేను సుత్తి పట్టుకుని సిద్ధంగా నిలబడ్డా. ఆయన దాన్ని లాక్కుని పక్కన పడేసి, డ్రైవరుతో బండిని షెడ్డు ముందు తిన్నగా కొంతదూరం తోలించి ఆపించారు. ముందు టైర్లు నేరుగా ఉన్నాయా అని వంగి చూశారు. తర్వాత బ్యాటరీ ఎర్త్ వైరు తీయించారు. మధ్యలో హారన్ బొత్తాం పీకి, దాని కిందున్న పెద్ద నట్టు చుట్టూ మడ్డి తుడిచారు. సెంటర్ పంచ్ తీసుకుని స్టీరింగ్ రాడ్డు తలకాయ మీద ఒక చుక్క, సరిగ్గా దాని ఎదురుగా చక్రం మీద ఒక చుక్క కొట్టారు. అప్పుడు నావైపు తిరిగి, "గుర్తు పెట్టకుండా విప్పినవాడు మేస్త్రి కాదు, తుక్కువాడు" అన్నారు.

నట్టు వదులు చేశారు గానీ పూర్తిగా తీయలేదు, రెండు మూడు మరలు ఉంచేశారు. ఎందుకో తెలుసా? చక్రం రాడ్డు పళ్ళకు ఏళ్ళ తరబడి పట్టేసి ఉంటుంది, ఊడితే ఒక్కసారిగా ఊడుతుంది. నట్టు లేకపోతే మూతి పళ్ళు రాలతాయి. కొందరు కింద నుంచి చక్రాన్ని సమ్మెటతో బాదేవాళ్ళు, ఇంకొందరు రాడ్డు నెత్తినే మోదేవాళ్ళు. ఆ దెబ్బ నేరుగా కిందికి దిగి స్టీరింగ్ బాక్సులోని బేరింగులకు తగులుతుంది. ఇవాళ చక్రం ఊడుతుంది, రేపటినుంచి స్టీరింగ్‌లో ఆట మొదలవుతుంది. ఆయన పుల్లర్ వేశారు. రెండు కాళ్ళు చక్రం కింద తగిలించి, నడిమి మరను బిగిస్తూ పోయారు. కిరోసిన్ చుక్కలు వేసి కాసేపు వదిలేశారు. మళ్ళీ బిగించి, మర తల మీద చిన్న దెబ్బ వేశారు. టంగుమని చక్రం వదిలింది.

దయ్యం అప్పుడు కనబడింది.

హారన్ సంగతి మీకు ముందు చెప్పాలి. నొక్కుడు బొత్తాం హారన్‌కు కరెంటు పంపుతుందని మీరనుకుంటారు. ఆ బండిలో అట్లా కాదు. కరెంటు రిలే అనే స్విచ్చు దగ్గరే కాచుకుని ఉంటుంది. బొత్తాం నొక్కితే దానికి ఎర్త్ దొరుకుతుంది, రిలే మూసుకుంటుంది, హారన్ మోగుతుంది. తిరిగే చక్రం నుంచి, రాడ్డు చుట్టూ ఉండే తిరగని గొట్టంలోకి ఆ ఎర్త్ ఎలా వస్తుందంటే, చక్రం అడుగున ఒక ఇత్తడి కడియం ఉంటుంది, గొట్టం పైన స్ప్రింగు మీద కూర్చున్న చిన్న బ్రష్ దాన్ని ఎప్పుడూ తాకుతూ ఉంటుంది. చక్రం ఎటు తిరిగినా తాకిడి తప్పదు.

ఆ బండిలో బొత్తాం నుంచి కడియానికి వచ్చే వైరు మధ్యలో తెగింది. అందుకే నొక్కినా పలకలేదు. కడియం వైపు మిగిలిన మొండి ముక్క బోడిగా వేలాడుతోంది. ఎడమకు తిప్పినప్పుడు అది గొట్టం అంచుకు తగిలి తనే ఎర్త్ ఇచ్చేస్తోంది. మూగతనమూ, అరుపూ ఒక్క వైరువే. మేస్త్రిగారు ఆ ముక్కను వేలితో ఎత్తి చూపించి, డ్రైవరుతో "ఇదిగో నీ దయ్యం, నిమ్మకాయలు అక్కర్లేదు" అన్నారు.

వైరు మార్చాం, బ్రష్ అరిగితే కొత్తది వేశాం, కడియాన్ని ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్దాం. అయినా మేస్త్రిగారికి తృప్తి లేదు. హారన్‌ను విప్పించి బ్యాటరీకి నేరుగా కలిపి చూశారు. జలుబు చేసిన ముసలాడి గొంతులా మూలిగింది. మూత తీశారు. లోపల తీగచుట్ట, దాని ముందు పల్చటి రేకు, పక్కన రెండు పాయింట్లు. కరెంటు వస్తే తీగచుట్ట అయస్కాంతమై రేకును లాగుతుంది, లాగగానే పాయింట్లు విడిపోయి కరెంటు ఆగుతుంది, రేకు వెనక్కి వస్తుంది, మళ్ళీ పాయింట్లు కలుస్తాయి. సెకనుకు వందల సార్లు ఈ లాగుడూ వదులుడూ జరిగితేనే ఆ కేక. పాయింట్లు నిప్పురవ్వలకు కాలి నల్లబడ్డాయి. ఆకురాయి చివరతో మెల్లగా సాపు చేసి, వెనక మరను పావు చుట్టు, అరపావు చుట్టు తిప్పుతూ చెవితో పదును చూశారు. ఎక్కువ బిగిస్తే టక్కుమని ఒక్కసారి కొట్టి ఊరుకుంటుంది, వదిలేస్తే బొంగురుపోతుంది. మీటరు కాదు, చెవే మా మీటరు.

అంతకు ముందు తరంలో డ్రైవరు పక్కన రబ్బరు బుడగ హారన్ ఉండేది. బోంయ్ అని పిసికితే ఎడ్లబండ్లవాళ్ళు పక్కకు తప్పుకునేవాళ్ళు. దానికి వైరింగ్ లేదు, ఎలుక కొరికితే తప్ప జబ్బు లేదు. తర్వాత గాలి హారన్ల పిచ్చి పట్టింది, ఒక్కో బండి ఒక్కో సినిమా పాట పాడేది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో రకరకాల స్వరాల హారన్లు, చెవులు చిల్లులుపడే మోతలు వద్దని రాశారు. మా మేస్త్రిగారు అంతకు ముందే అనేవారు, హారన్ పక్కకు జరగమని అడగాలి గానీ బెదిరించకూడదని.

పాత చక్రం పనికిరాదు, కొత్తది కావాలి. రాడ్డు పళ్ళకు మసి పూసి, కాగితం అదిమి అచ్చు తీసి నా చేతికిచ్చి పాత సామాన్ల కొట్టుకు పంపారు. కొట్టువాడు గుట్టలోంచి ఏ చక్రం తీసినా అచ్చుతో పోల్చి చూడాలి, పళ్ళు కలవకపోతే వెనక్కి. కలిసినదాన్నే తెచ్చాక, రాడ్డు మీది చుక్క చూసి, పాతదాని పుల్లలు ఎట్లా నిలిచాయో కొత్తవాటినీ అట్లాగే నిలిపి కూర్చోబెట్టారు. ఒక్క పన్ను తేడా వస్తే దారి తిన్నగా ఉన్నా చక్రం వంకరగా కనబడుతుంది. రాత్రి బండి తీసేటప్పుడు టైర్లు ఎటున్నాయో డ్రైవరుకు అంచనా తప్పుతుంది. నట్టు కింద లాక్ వాషర్ వేసి బిగించి, చక్రాన్ని పైకీ కిందికీ లాగి కదలిక లేదని చూసుకున్నాకే బొత్తాం పెట్టారు. ఎర్త్ వైరు తగిలించి, డ్రైవరును ఎడమకు, కుడికి తిప్పమన్నారు. బండి నోరెత్తలేదు. నొక్కమన్నారు. వీధి చివర టీకొట్టువాడు తిరిగి చూశాడు.

నిరుడు పెద్దల్లుడి కారు స్టీరింగ్ విప్పుతూ ఒక కుర్రాడు నన్ను పిలిచాడు. ఇప్పుడు మధ్యలో ఎయిర్‌బ్యాగ్, దాని వెనక ఇత్తడి కడియానికి బదులు క్లాక్ స్ప్రింగ్. చుట్టలా చుట్టుకున్న ఆ పల్చటి పట్టీని సరిగ్గా నడిమికి నిలపకుండా బిగిస్తే ఒక మలుపులో పుటుక్కుమంటుంది. బ్యాటరీ తీసి కాసేపు ఆగకుండా ముట్టుకుంటే ఎయిర్‌బ్యాగ్ మొహాన పేలినా పేలుతుంది. వాడి చేతిలో కంప్యూటరు ఉంది, నా చేతిలో ఏమీ లేదు. వాడిని ఒక్కటే అడిగా, "టైర్లు తిన్నగా పెట్టి గుర్తు కొట్టావా?" అని. వాడు గబగబా మార్కర్ పెన్ను కోసం పరిగెత్తాడు. ఆ పరుగు చూశాక వాడికి పని వస్తుందని నమ్మకం కుదిరింది నాకు.