విమానచోదకుల నిత్యాభ్యాసము



చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల రైతులకు చిన్న విమానముల మ్రోత క్రొత్తది కాదు. బేగంపేటనుండి శిక్షణకై లేచిన విమానములు ఈ దిక్కునకు వచ్చుట పెక్కేండ్లుగా చూచినదే. 2018 నవంబరు 21వ తేదీన శంకరపల్లి మండలము మోకిలలో అట్టి విమానమొకటి కూలగా చోదకుడు గాయములతో బయటపడెను. 2019 అక్టోబరు 6వ తేదీన, ఇంకను పడమరగా, బంట్వారం మండలము సుల్తాన్‌పూరులో మఱియొకటి కూలి ఇద్దరు శిక్షణార్థులు అసువులు బాసిరి. ఇట్టి వార్త విన్నపుడు, బిడ్డలకు ఈ విద్య యేల యను సందేహము కలుగుట సహజము. చరిత్ర చెప్పు సమాధానము వేఱు. ప్రాణములు కాపాడునది విద్యయే. కాని అది యెడతెగని అభ్యాసము కావలెను.

భారతదేశమున మొదటి చోదకానుమతిని 1929 ఫిబ్రవరి 10వ తేదీన జె.ఆర్.డి. టాటా పొందెను. 1930ల దశకమున, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను కాలములో, బేగంపేట విమానాశ్రయమును హైదరాబాదు ఏరో క్లబ్బును వెలసెను. 1937వ సంవత్సరపు విమాన నియమములలో చేరిన కొలతనుబట్టి, సొంతముగా విమానము నడుపగోరువానికి 17 ఏండ్లు నిండవలెను. కనీసము 40 గంటలు నడిపిన యనుభవముండవలెను. మేడి పట్టిన బాలుడు 40 గంటలలో సేద్యగాడగునా? ఆ కొలత విద్యకు ద్వారము మాత్రమే.

మొదటి ప్రపంచయుద్ధకాలమున బ్రిటిషు చోదకులు పెక్కుమంది శిక్షణలోనే మరణించుచుండిరి. 1917లో గాస్‌పోర్టు అను చోట రాబర్ట్ స్మిత్ బారీ అను సేనాని ఆ పద్ధతిని మార్చెను. అపాయమును శిష్యునికి చూపక దాచుట మాని, గురువు వెంటనుండగా బుద్ధిపూర్వకముగా దానిలో ప్రవేశపెట్టి, తప్పించుకొను ఉపాయమును నేర్పించెను. విమానము గిరగిర తిరుగుచు పడునపుడు భయపడినవాడు చేతికడ్డీని వెనుకకు లాగును. చేయవలసినది దానికి విరుద్ధము: కాలితో తిరుగుడు నాపి, కడ్డీని ముందునకు త్రోయవలెను. భయమునకు విరుద్ధమైన పని అభ్యాసము లేక చేతికి రాదు.

1934లో అమెరికా ప్రభుత్వము టపా మోయు పనిని సైనిక చోదకులకప్పగించెను. మబ్బులలో యంత్రముల ముండ్లు చూచి నడుపుటలో వారికి తగిన అలవాటు లేదు. కొలది వారములలో పదిమందికి పైగా మరణించిరి. అపుడు ఆ సైన్యము ఎడ్విన్ లింకు నిర్మించిన శిక్షణయంత్రములను కొనెను. నేలపైననే కూర్చుండి మబ్బులలోని ప్రయాణమును అభ్యసించు సాధనమది. నేడు ఆ దేశమున సొంత చోదకుడు 24 నెలలకొకసారి గురువుతో నెగిరి తన నేర్పును సరిచూపించుకొనవలెను. ఇతరులను ఎక్కించుకొనవలెనన్న, గడచిన 90 దినములలో మూడుసార్లు లేచి దిగియుండవలెను.

మూసీకి 1908లో వరద వచ్చిన పిమ్మట మొయినాబాదు చెంత గండిపేట చెఱువు నిర్మింపబడి 1920లో పూర్తియయ్యెను. కట్ట పోసిననాడే చెఱువు పని ముగిసినదని ఏ యూరిపెద్దయు తలపడు. ఏటేట గండ్లు వెదకును, తూములు చూచును. చోదకుని విద్యయు నట్టిదే. మీ యింటి బిడ్డ విమానము నడుపునట్లయిన, "అనుమతిపత్రము వచ్చెనా?" యని యొకసారి యడిగి ఊరకుండవలదు. "గురువుతో మరల నెన్నడు ఎగిరితివి?" అని ఏటేట నడుగుడు. ఆ ప్రశ్న మీ బిడ్డకును, క్రింద చేనిలో పనిచేయు పొరుగువానికిని రక్ష.